దసరా ఆఫర్లు మొదలవుతున్నాయి: ప్లాటు కొనే ముందు జాగ్రత్తలు

"సార్, ఈ నెలాఖరు వరకే ఈ రేటు. రెండేళ్లలో డబుల్ గ్యారంటీ." దసరా దగ్గర పడుతుంటే ఇలాంటి ఫోన్లు పెరుగుతాయి. కారు పంపిస్తారు, వెంచర్ తిప్పి చూపిస్తారు, మధ్యాహ్నం బిర్యానీ పెడతారు. తినండి, తప్పేం లేదు. చెక్‌బుక్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

ధరల జోస్యాలు మన దగ్గర ఎలా ఫలించాయో చూడండి. రాష్ట్రం విడిపోతే హైదరాబాద్‌లో భూముల రేట్లు కుప్పకూలతాయని 2014కు ముందు చాలామంది నమ్మారు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. అమరావతిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు రేట్లు ఇక వెనక్కి చూడవన్నారు. 2019 డిసెంబరులో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. 2024లో ప్రభుత్వం మారాకే మళ్లీ కదలిక. మధ్యలో గడిచిన నాలుగున్నరేళ్లూ సొంత డబ్బు పెట్టినవాళ్లు ఓపిక పట్టగలిగారు. అప్పు తెచ్చి కొన్నవాళ్లకు మాత్రం నెలనెలా వడ్డీ ఆగలేదు.

అందుకే ఖాళీ ప్లాటు కోసం పర్సనల్ లోన్ తీసుకోవద్దు, బంగారం తాకట్టు పెట్టొద్దు. ఇల్లయితే కనీసం అద్దె వస్తుంది, లేదా అందులో మనమే ఉంటాం. ఖాళీ స్థలం ఇచ్చేది ఏమీ ఉండదు, పైగా కబ్జా కాకుండా కాపలా కాసుకోవాలి.

రాబోయే ప్రాజెక్టు పేరు చెప్పి అమ్మేవాళ్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. హైదరాబాద్‌కు దక్షిణంగా మహేశ్వరం, కందుకూరు వైపు 2006లో చిప్‌ల తయారీకి ఫ్యాబ్ సిటీ అన్నారు. తర్వాత ఫార్మా సిటీ అన్నారు. ఇప్పుడు ఫ్యూచర్ సిటీ అంటున్నారు. నాడు చెప్పిన చిప్‌ల ఫ్యాక్టరీ రాలేదు. ఈసారి చెప్పింది రావచ్చేమో. అది రాకపోయినా ఆ రేటుకు ఆ స్థలం మీకు పనికొస్తుందనిపిస్తేనే ముందుకెళ్లండి.

"మా బావమరిది 30 లక్షలకు కొన్నది పదేళ్లలో 60 లక్షలైంది" అని ఎవరైనా చెబితే లెక్క వేయండి. అది ఏడాదికి సుమారు 7.2 శాతం. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కు అయ్యే 7.5 శాతం ఖర్చు కలిపితే 6.4 శాతానికి దిగుతుంది. నష్టమేమీ కాదు, కానీ ఆ చెప్పే తీరుకు తగ్గ లాభమూ కాదు. ఫ్లాటుకు 50 లక్షల లోన్ 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 43,400 దాకా వస్తుంది, మొత్తం కట్టేది కోటి దాటుతుంది. ఉండటానికి కొంటే ఇది ఇంటి ఖర్చు కింద పోతుంది. పెట్టుబడి అనుకుంటే మాత్రం వచ్చే అద్దెను ఆ ఈఎంఐ పక్కన రాసి చూసుకోవాలి.

ప్రీ లాంచ్, అంటే రిజిస్ట్రేషన్ రాకముందే అమ్మకం, అన్న మాట వినపడితే లేచి వచ్చేయండి. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ప్రాజెక్టును రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటించకూడదు, అమ్మకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి డబ్బు తీసుకోకూడదు. "మొత్తం ఒకేసారి కడితే సగం రేటుకే" అనే బిల్డరు ఈ రెండింటినీ పక్కన పెట్టమంటున్నట్టే. రెరా నంబరు బ్రోచర్‌లో ఉంటే సరిపోదు, రెరా సైట్‌లో కొట్టి చూడాలి.

ఈసీ (ఆ స్థలంపై రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కనీసం 30 ఏళ్లది తీయించండి. కోర్టు కేసులు అందులో కనపడవు కాబట్టి లింకు డాక్యుమెంట్లన్నీ (ఆ స్థలం పాత చేతులు మారిన పత్రాలు) మీ సొంత లాయరుకే చూపించండి, వెంచర్ వాళ్లు కుదిర్చిన లాయరుకు కాదు. చెరువు దగ్గరైతే సర్వే నంబరు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు) గానీ, దాని చుట్టూ కట్టడాలు ఉండకూడని బఫర్ జోన్‌లో గానీ ఉందేమో తప్పక చూడాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు మొదలుపెట్టాక ఈ మాటలు అందరికీ తెలిశాయి. ఎలాగూ వానల రోజులే, గట్టి వాన పడ్డ మర్నాడు ఒకసారి వెళ్లి చూడండి. నీళ్లెక్కడ నిలుస్తాయో కళ్లకే కనపడుతుంది.

టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంకో పని. అదే వెంచర్‌లో కొన్నాళ్ల క్రితం కొన్నవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని వెతికి పట్టుకుని, వాళ్లు అమ్మాలనుకుంటే కొనేవాళ్లు గజం ఎంతకు అడుగుతున్నారో కనుక్కోండి. ఆ ఊళ్లోని వేరే ఏజెంటునూ ఇదే అడగండి. బ్రోచర్‌లో ఉన్నది అమ్మేవాళ్లు చెప్పే రేటు. మీరు బేరం మొదలుపెట్టాల్సింది వీళ్లు చెప్పిన రేటు దగ్గర.