బ్యాక్టీరియాలో జన్యువుల వరుసను గడియారం పెట్టుకుని కనిపెట్టడం ఎలా?

గుంటూరు వైపు నుంచి వచ్చే గూడ్సు బండి కృష్ణా కెనాల్ స్టేషన్ దాటి నది మీద వంతెన ఎక్కిందనుకోండి. మీరు విజయవాడ ఒడ్డున ఉన్నారు, అవతల బండి ఎంత పొడుగుందో కనిపించదు. అయినా బండి ఒకే వేగంతో వస్తుంటే, బొగ్గు వ్యాగన్ ఎన్నో నిమిషంలో దాటింది, సిమెంటు వ్యాగన్ ఎన్నో నిమిషంలో దాటింది అని రాసుకుంటే చాలు, దేని వెనక ఏదుందో, మధ్యలో ఎంత దూరముందో చెప్పేయొచ్చు.

మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో జన్యువుల వరుసను కనిపెట్టింది సరిగ్గా ఇలాగే. బ్యాక్టీరియా ఒకదానికొకటి డీఎన్ఏ ఇచ్చుకుంటాయని 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ చూపించారు. దీన్నే కాంజుగేషన్ అంటాం, తెలుగు పాఠ్యపుస్తకాల్లో సంయుగ్మం. తర్వాత 1950లలో పారిస్ పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలీ వోల్మన్, ఫ్రాన్స్వా జాకబ్ ఆ డీఎన్ఏ దాటుతుండగా మధ్యలోనే జంటల్ని విడగొట్టి, అప్పటికి ఏ జన్యువు దాటిందో చూశారు. విడగొట్టడానికి వాడింది వంటింటి మిక్సీ లాంటి బ్లెండర్.

ఇప్పుడు జీనోమ్ మొత్తం కంప్యూటర్‌లో దొరుకుతుంటే ఇదంతా ఎందుకని మా ఎంఎస్సీ పిల్లలు ప్రతి ఏడాదీ అడుగుతారు. తెర మీద చూసిన మ్యాప్ పరీక్ష దాకా గుర్తుంటుంది, 18వ నిమిషంలో తన చేత్తో పట్టుకున్న జన్యువు మాత్రం ఎప్పటికీ మర్చిపోరు. నేను చెప్పే కారణం ఇదొక్కటే.

రెండు రకాలు తెచ్చుకోండి

డీఎన్ఏ ఇచ్చే రకం హెచ్ఎఫ్ఆర్. ఇందులో ఎఫ్ కారకం (డీఎన్ఏ దాటే పనిని మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క) క్రోమోజోమ్‌లోనే అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి, ఎఫ్ దాటడం మొదలుపెడితే వెనకాలే క్రోమోజోమ్ కూడా లాక్కొస్తుంది. ఈ ప్రయోగానికి హెచ్ఎఫ్ఆర్-హెచ్ అనే రకం మంచిది, దీన్ని స్ట్రెప్టోమైసిన్ చంపేస్తుంది. తీసుకునే రకం ఎఫ్ మైనస్, అంటే ఎఫ్ కారకం లేనిది. అది స్ట్రెప్టోమైసిన్‌ను తట్టుకోవాలి, కానీ థ్రియోనిన్, ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాలు తయారు చేసుకోలేనిది, లాక్టోజ్, గాలక్టోజ్ తినలేనిది అయి ఉండాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. గాలక్టోజ్ లోపం గాల్-కె జన్యువులో ఉన్న రకాన్నే అడిగి తీసుకోండి. గాల్-ఈ లోపం ఉన్నదైతే, గాలక్టోజ్ తగిలితే కణం లోపల విషం పేరుకుని చచ్చిపోతుంది. లాక్టోజ్ విరిగినా గాలక్టోజ్ వస్తుంది కదా, అప్పుడు మీ లాక్టోజ్ ప్లేట్లు కూడా పనికిరావు.

ఈ రకాలు మెడికల్ షాపులోనో కెమికల్స్ షాపులోనో దొరికేవి కావు. జెనెటిక్స్ మీద పనిచేసే యూనివర్సిటీ ల్యాబ్‌ను గానీ, కల్చర్ కలెక్షన్‌ను గానీ కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసి అడగాలి. ఇవి ఈ.కోలైలో కె-12 అనే ల్యాబ్ వంశానివి, మనుషులకు రోగం తెచ్చేవి కావు. అలాగని ల్యాబ్ వదిలి ఇంటికి తీసుకెళ్లకూడదు.

ముందు రోజు ప్లేట్లు

ఎం9 అనేది అత్యవసరమైన లవణాలు మాత్రమే ఉండే మీడియా. దానికి లీటరుకు డైసోడియం ఫాస్ఫేట్ 6 గ్రాములు, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 3, ఉప్పు అర గ్రాము, అమ్మోనియం క్లోరైడ్ 1, అగార్ 15. మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం క్లోరైడ్, చక్కెరలు విడిగా స్టెరైల్ చేసుకుని, మీడియా చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక కలపండి. అన్నీ ఒకే ఫ్లాస్కులో వేసి ఆటోక్లేవ్‌లో పెడితే అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది, ఇక ఆ ఫ్లాస్కు పారబోయడమే. బి1 విటమిన్ కొంచెం వేయడం మర్చిపోవద్దు, కె-12 రకాల్లో చాలావాటికి అది బయటి నుంచే కావాలి. స్ట్రెప్టోమైసిన్ మి.లీ.కు 100 మైక్రోగ్రాములు అన్ని ప్లేట్లలోనూ ఉండాలి.

మొదటి రకం ప్లేట్లో గ్లూకోజ్ వేసి, థ్రియోనిన్, ల్యూసిన్ రెండూ మానేయండి. రెండో రకంలో ఆ రెండూ వేసి, తిండికి లాక్టోజ్ ఒక్కటే పెట్టండి. మూడో రకంలో లాక్టోజ్ బదులు గాలక్టోజ్. స్ట్రెప్టోమైసిన్ వల్ల ఇచ్చేది బతకదు, లోపాల వల్ల తీసుకునేది పెరగదు, కావాల్సిన జన్యువు దాటివచ్చిన కణం మాత్రమే కాలనీ కడుతుంది. మొత్తం 30 ప్లేట్లు పోయండి.

కలిపే రోజు

రాత్రంతా పెరిగిన కల్చర్లను పొద్దున్నే కొత్త ఎల్‌బీలో (బ్యాక్టీరియాను పెంచే ద్రవ మీడియా) 50 రెట్లు పలుచన చేసి, 37 డిగ్రీల్లో ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత) 0.4 వచ్చేదాకా పెంచండి. ఇచ్చే రకాన్ని చివర్లో గట్టిగా షేక్ చేయొద్దు, జంట కట్టడానికి వాడే సన్నటి పైలస్ పోగులు తెగిపోతాయి.

మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. వాటర్ బాత్‌కు వేడి చేయడం వచ్చు గానీ చల్లబరచడం రాదు. మే నెలలో మధ్యాహ్నం గది 42 డిగ్రీలుంటే నాబ్ 37 మీద పెట్టినా నీళ్లు గదితో పాటే వేడెక్కుతాయి, నిమిషాల లెక్కంతా తప్పిపోతుంది. ఏసీ లేని ల్యాబ్ అయితే ఈ ప్రయోగాన్ని డిసెంబర్, జనవరిలో పెట్టుకోండి.

ఇచ్చేది 1 మి.లీ., తీసుకునేది 9 మి.లీ. పెద్ద ఫ్లాస్కులో మెల్లగా కలిపి గడియారం మొదలుపెట్టండి. సరిగ్గా 5 నిమిషాలకు అందులోంచి 0.2 మి.లీ. తీసి, ముందే 37కు వేడి చేసి ఉంచిన 20 మి.లీ. ఎల్‌బీలో వేయండి. పలుచనైతే కణాలు దూరదూరంగా ఉండి కొత్త జంటలు కట్టవు, అప్పటికే కట్టినవి మాత్రం కొనసాగుతాయి. ఈ మెట్టు వదిలేస్తే ఆలస్యంగా జంట కట్టినవి కూడా లెక్కలోకి వచ్చి గీతలు ఏటవాలుగా సాగిపోతాయి.

5వ నిమిషం నుంచి 40వ నిమిషం దాకా ప్రతి 5 నిమిషాలకూ 1 మి.లీ. ట్యూబులోకి తీసి, వర్టెక్స్ (ట్యూబును గిరగిరా తిప్పే యంత్రం) ఫుల్ స్పీడ్‌లో పెట్టి ఒక నిమిషం తిప్పండి. జంటల మధ్య వంతెన తెగేది ఇక్కడే. వెంటనే మూడు రకాల ప్లేట్ల మీదా 0.1 మి.లీ. చొప్పున పరచండి. చివరి శాంపిళ్లకు గ్లూకోజ్ ప్లేట్ మీద లెక్కపెట్టలేనన్ని కాలనీలు వస్తాయి, అందుకే వాటిని 10 రెట్లు పలుచన చేసి పరచండి. ఇచ్చే రకాన్నీ, తీసుకునే రకాన్నీ విడివిడిగా మూడు రకాల ప్లేట్ల మీదా వేయడం తప్పనిసరి, ఇవి పోల్చి చూసుకునే కంట్రోళ్లు.

ఒక ఏడాది మాకు 10వ నిమిషం దగ్గర కరెంటు పోయింది. కంగారులో ట్యూబుల్ని చేత్తోనే ఊపి ప్లేట్ చేసేశాం. రెండు రోజుల తర్వాత చూస్తే 10వ నిమిషం లాక్టోజ్ ప్లేట్ మీద కాలనీలు! చేతి ఊపుకు జంటలు విడిపోలేదు, ప్లేట్ మీదకు చేరాక కూడా డీఎన్ఏ దాటుతూనే ఉంది. పిల్లల మొహాలు చూడలేకపోయాను, మళ్లీ మొదటి నుంచి చేయించాను. అప్పటి నుంచి మా వర్టెక్స్ ఇన్వర్టర్ లైన్ మీదే ఉంటుంది.

లెక్క

ప్లేట్లు 37లో 48 గంటలు ఉంచండి. కంట్రోళ్లు ఖాళీగా ఉంటేనే మిగతావి లెక్కపెట్టండి. గ్రాఫ్‌లో అడ్డంగా నిమిషాలు, నిలువుగా కాలనీల సంఖ్య. పైకి లేచే గీతను వెనక్కి పొడిగిస్తే అడుగు గీతను తాకే చోటే ఆ జన్యువు దాటిన సమయం. హెచ్ఎఫ్ఆర్-హెచ్‌తో వోల్మన్, జాకబ్‌లకు థ్రియోనిన్, ల్యూసిన్ జన్యువులు సుమారు 8వ నిమిషంలో, లాక్టోజ్ జన్యువులు (లాక్) 18లో, గాలక్టోజ్ జన్యువులు (గాల్) 25 దగ్గర వచ్చాయి. వెనక వచ్చేవాటి గీత తక్కువ ఎత్తులోనే ఆగిపోవడం చూసి టెన్షన్ పడొద్దు, చాలా జంటలు మధ్యలోనే వాటంతటవే విడిపోతాయి.

ఆ నిమిషాలే ఈ.కోలై మ్యాప్‌కు కొలబద్ద అయ్యాయి, చుట్టూ మొత్తం 100 నిమిషాలు. కె-12 జీనోమ్ 1997లో చదివారు, సుమారు 46 లక్షల 40 వేల బేస్ జతలు. అంటే నిమిషానికి దాదాపు 46 వేలు. నేటి మ్యాప్‌లో థ్రియోనిన్ 0 దగ్గర, లాక్ 8 దగ్గర, గాల్ 17 దగ్గర ఉంటాయి, మీ గ్రాఫ్‌లోని తేడాలను వీటి పక్కన పెట్టి చూసుకోండి.

ఒకదానికొకటి ఆనుకుని ఉన్న జన్యువుల్ని ఈ గడియారం విడదీయలేదు. లాక్‌లోని లాక్-జెడ్, లాక్-వై, లాక్-ఏ జన్యువులు మూడూ కలిపి 5 వేల బేస్ జతలే, అంటే ఆరేడు సెకన్ల పని. 1961లో జాకబ్, ఆయన సహచరుడు జాక్ మోనో చెప్పిన ఒపెరాన్ అదే, మూడూ ఒకే ఆర్ఎన్ఏగా వస్తాయి. దాన్ని చూడాలంటే ఐపీటీజీ (లాక్ జన్యువుల్ని పనిలోకి దించే రసాయనం) ఇచ్చిన కణాల నుంచి ఆర్ఎన్ఏ తీసి, డీఎన్ఏను కొరికేసే డీఎన్ఏజ్ ఎంజైమ్‌తో శుభ్రం చేసి, ఒక ప్రైమర్ (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్క) జెడ్ చివర్లో, ఇంకొకటి వై మొదట్లో పెట్టి ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చి కాపీలు పెంచే పద్ధతి) చేయండి. జెల్ మీద బ్యాండ్ వస్తే ఆ రెండూ ఒకే పోగు మీద ఉన్నట్టు. ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్ వేయని ట్యూబులో కూడా బ్యాండ్ వచ్చిందంటే మాత్రం మీరు చూస్తున్నది మిగిలిపోయిన డీఎన్ఏని, డీఎన్ఏజ్ మెట్టు మళ్లీ చేయాలి.

అయిపోయాక ప్లేట్లు, ట్యూబులు అన్నీ 121 డిగ్రీల్లో ఆటోక్లేవ్ చేశాకే బయట పారేయండి.