దెబ్బ మానింది, పిల్లాడు మాత్రం మారిపోయాడు: ఎక్కడ వెతకాలి, ఏం చేయాలి

కాలిన గాయం, రోడ్డు ప్రమాదం, మెట్ల మీంచి పడటం, కుక్క కాటు. ఏదైనా కానివ్వండి, ఆరేళ్ల లోపు పిల్లలైతే పుండు మానే సమయానికి ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఇంచుమించు ఒకటే: "మా వాడు ఇదివరకులా లేడండీ." రాత్రుళ్లు కేకలు, పక్క తడపడం, మానేసిన బొటనవేలు మళ్లీ నోట్లోకి రావడం, చంక దిగకపోవడం. అక్కణ్నుంచి నేరుగా "మెంటల్ షాకా?" అన్న ప్రశ్నకు దూకుతారు. దూకకండి, వరసలో రండి.

అన్నింటికన్నా ముందు: ఇంకా నొప్పి ఉందా?

ఇది అందరూ వదిలేసే తనిఖీ. మూడేళ్ల పిల్లాడు "నొప్పి" అని చెప్పడు. విసిరికొడతాడు, అన్నం మానేస్తాడు, నిద్రపోడు. కాలిన చోట కొత్త చర్మం వచ్చేటప్పుడు దురద విపరీతంగా ఉంటుంది, రాత్రి పూట మరీ ఎక్కువ. ఆ దురదతో లేచి ఏడుస్తుంటే పీడకలలు అనుకుంటారు. పిండికట్టు బిగుసుకుందేమో, వేళ్లు వాచాయేమో, రంగు మారాయేమో చూడండి. గట్టి నొప్పి మందులు వాడుతుంటే మలబద్ధకంతో కడుపునొప్పి వస్తోందేమో చూడండి.

ఆసుపత్రుల్లో 1997 నుంచి ఫ్లాక్ అనే కొలత ఉంది. ముఖం, కాళ్లు, కదలికలు, ఏడుపు, ఓదారిస్తే ఊరుకుంటున్నాడా అనే ఐదు అంశాలకు, ఒక్కోదానికి 0 నుంచి 2 చొప్పున పదికి లెక్కేస్తారు. మాటలు సరిగా రాని పిల్లల నొప్పి కొలవడానికే దాన్ని తయారుచేశారు. మీరు మార్కులు వేయనక్కర్లేదు, ఆ ఐదూ గమనించి డాక్టరుకు చెప్పండి చాలు. నొప్పి, దురద తగ్గగానే సగం "మానసిక సమస్యలు" మాయమవడం ఇక్కడ మామూలే.

తలకు దెబ్బ తగిలిన పిల్లాడు పదేపదే వాంతి చేసుకున్నా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, నడక తూలినా చదవడం ఆపి ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఎన్నాళ్లయింది?

మొదటి కొన్ని వారాల్లో ఉలిక్కిపడటం, అంటిపెట్టుకుని ఉండటం, పక్క తడపడం చాలామందిలో ఉంటాయి, చాలామందిలో వాటంతట అవే సర్దుకుంటాయి. నెల దాటినా తగ్గకపోతే, లేదా ఆట, తిండి, నిద్ర అన్నీ దెబ్బతింటుంటే అప్పుడు పరీక్ష చేయించాలి. ఆరేళ్లు, అంతకంటే చిన్న పిల్లల పీటీఎస్‌డీకి (భయంకరమైన సంఘటన తర్వాత నెల దాటినా వదలని మానసిక ఆఘాతం) విడిగా ప్రమాణాలు 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5లో చేరాయి. డీఎస్‌ఎం అంటే మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం. అంతకుముందు పెద్దవాళ్ల ప్రమాణాలతోనే పిల్లల్నీ కొలిచేవారు, అందుకే చాలామంది లెక్కలోకి వచ్చేవారు కాదు. మీరు కలిసే డాక్టరు "ఇంత చిన్నపిల్లలకి అవన్నీ ఉండవమ్మా" అంటే ఇంకొకరిని చూడండి.

రాత్రి కేకలు

నిద్రపోయిన రెండు మూడు గంటల లోపే లేచి అరుస్తూ, కళ్లు తెరిచి ఉన్నా మిమ్మల్ని గుర్తుపట్టక, పొద్దున్నే అసలేమీ తెలియనట్టుంటే అది పీడకల కాదు, నైట్ టెర్రర్. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా వస్తుంది. లేపడానికి ప్రయత్నించకండి, పడిపోకుండా చూసుకోండి, పెందలాడే పడుకోబెట్టండి. తెల్లవారుజామున లేచి, మిమ్మల్ని గుర్తుపట్టి కరుచుకుని, మళ్లీ పడుకోవడానికి భయపడితే అది పీడకల. ప్రమాదానికి సంబంధించింది సాధారణంగా ఇదే.

కట్టు మార్చే రోజంటే చాలు, గగ్గోలు

ఇక్కడ చాలామంది ప్రమాదాన్ని అనుమానిస్తారు. పిల్లాడు భయపడుతున్నది ఒళ్లు కాల్చిన వేడినీళ్లకు కాదు, నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని కట్టు ఊడదీసిన ఆ పావుగంటకు. డ్రెస్సింగుకు ముందే నొప్పి మందు పనిచేసేలా వేళ చూసి ఇవ్వమని అడగండి, మొహమాటపడకండి. పడుకోబెట్టి అదిమిపట్టే బదులు ఒళ్లో కూర్చోబెట్టుకుంటామని చెప్పండి. "ఏం కాదు, ఏం కాదు" అని జపం చేయకండి. ఆ మాట వినగానే ఏదో కాబోతోందని పిల్లాడికి అర్థమవుతుంది. బుడగలు ఊదించడం, పాట పాడటం, బొమ్మల పుస్తకం చూపించడం దానికంటే బాగా పనిచేస్తాయి. ఇంట్లో అన్నం తినకపోతే సూది వేయిస్తానని బెదిరించే అలవాటుంటే ఇవాళే మానేయండి.

బాగయ్యాడనుకున్నాక మళ్లీ మొదలైంది

అనుభవం ఉన్నవాళ్లను కూడా ఏమార్చే కారణం ఇక్కడ దాక్కుని ఉంటుంది కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

మొదటి వారాల్లో తేరుకున్నట్టే ఉంటాడు. తరవాత ఒక్కొక్కటే మొదలవుతాయి. పడిన మెట్లే కాదు, ఏ మెట్లూ ఎక్కడు. అమ్మ కనిపించకపోతే ఊపిరి ఆగేలా ఏడుస్తాడు. ఆ రోజు సంగతి వాడి మనసులోంచి పోవట్లేదని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. పిల్లాడితో బొమ్మలు వేయించి, ఆటలు ఆడించి నెలలు గడిపినా ఫలితం అంతంత మాత్రంగానే ఉంటుంది.

పరీక్ష తేలిక. అవే మెట్లు పిల్లాడు అమ్మతో ఎలా ఎక్కుతున్నాడు, అమ్మమ్మతో ఎలా ఎక్కుతున్నాడు, పక్కింటి పిల్లలతో ఎలా ఎక్కుతున్నాడు? మనిషిని బట్టి భయం మారుతుంటే కారణం మెట్లలో లేదు, పక్కనున్న పెద్దవాళ్లలో ఉంది.

నేను పిల్లల్ని చూసే గదిలో ఇలా ఉంటుంది. పిల్లాడు నేల మీద బ్లాకులు పేరుస్తుంటాడు. ఎలా జరిగిందమ్మా అని తల్లిని అడుగుతాను. ఆమె గొంతు సన్నబడుతుంది, పిల్లాడి చేతి మీది మచ్చ కనిపించకుండా చొక్కా చెయ్యి కిందికి లాగుతుంది. వాడి చేతిలో బ్లాకు అలాగే ఆగిపోతుంది. నా వంక చూడడు, ఆమె మొహం చూస్తాడు. బ్లాకు వదిలేసి ఒళ్లోకి ఎక్కేస్తాడు. "చూశారా, ఆ మాట ఎత్తితే చాలు ఇలా అయిపోతాడు" అంటుందామె. మాట విని అలా కాలేదు, మొహం చూసి అయ్యాడు.

చిన్నపిల్లలు ప్రమాదాన్ని పెద్దవాళ్ల మొహంలోంచే చదువుతారు. 1985లో మనస్తత్వ పరిశోధకుడు జేమ్స్ సోర్స్ బృందం ఏడాది పిల్లల్ని గాజు పరిచిన బల్ల మీద పాకించింది. గాజు కింద చిన్న లోయలా కనిపిస్తుంది, అవతలి అంచున తల్లి. తల్లి నవ్వు మొహం పెడితే 19 మందిలో 14 మంది దాటారు. భయం మొహం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మీ ఇంట్లో ఆ ప్రయోగం రోజూ జరుగుతోంది.

ప్రమాదం కళ్లారా చూసిన తల్లికో తండ్రికో కూడా ఆఘాతం తగులుతుంది, కానీ వాళ్లను పరీక్షించేవాళ్లుండరు. తల్లిలో ఇది దిగులుగా, అతిజాగ్రత్తగా బయటపడితే గమనిస్తారు. తండ్రిలో చిరాకుగా, కోపంగా బయటపడితే ఆయన స్వభావమే అంత అనుకుంటారు. ఇక ఇల్లంతా ఆ రోజు గురించి మాట్లాడటం మానేస్తుంది. పిల్లాడికి మిగిలేది తన సొంత ఊహ. ఆ వయసులో ఊహ ఎటు పోతుందంటే, "నేను అల్లరి చేశాను కాబట్టి ఇలా అయింది, అందుకే అమ్మ ఏడుస్తోంది."

కాబట్టి మరమ్మతు పెద్దవాళ్లతో మొదలవ్వాలి. పిలవకుండానే ఆ దృశ్యం కళ్లముందుకొస్తోందా, ఆ చోటుకు పోకుండా తప్పించుకుంటున్నారా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారా, పిల్లాడు పడుకున్నా మీకు నిద్ర పట్టడం లేదా? నెల దాటాక కూడా వీటిలో చాలావాటికి అవుననే జవాబైతే మీ పేరు మీద మీరే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఈలోగా మెట్లు ఎక్కించే పని ఇంట్లో నింపాదిగా ఉండే మనిషికి అప్పజెప్పండి.

తరవాత కథ. పిల్లాడు లేనప్పుడు, జరిగింది నాలుగైదు వాక్యాల్లో గొంతు వణక్కుండా చెప్పగలిగేదాకా సాధన చేయండి. "మెట్ల మీద కాలు జారింది. బాగా నొప్పి పుట్టింది. నాన్న ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు కట్టు కట్టాడు, ఇప్పుడు మానిపోయింది. అందులో నీ తప్పేం లేదు." అప్పుడు వాడికి చెప్పండి. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పండి, కానీ వాడిచేత బలవంతంగా చెప్పించకండి. ఆ తరవాతే భయపడే చోట్లకు కొంచెం కొంచెంగా తీసుకెళ్లండి. మొదట కింది మెట్టు మీద కూర్చుని ఆడుకోవడం, తర్వాత రెండు మెట్లు.

"నువ్వు చూసుకోకపోవడం వల్లే" అనే మాట ఇంట్లో వినిపిస్తున్నంత కాలం ఇవేవీ సాగవు. ముందు ఆ మాట అనేవాళ్లను ఆపండి.

ఒకే ఆట, మళ్లీ మళ్లీ

బొమ్మ కారు గుద్దుకోవడం, అంబులెన్సు రావడం, బొమ్మకు నయమవడం: ఇలా ఆడుతుంటే ఆడనివ్వండి, మంచిదే. నవ్వు లేకుండా, ఒక్క మార్పూ లేకుండా, బొమ్మకు ఎప్పటికీ నయం కాకుండా అదే ఆట నడుస్తుంటే కౌన్సెలరుకు చెప్పండి. అలాగే ప్రమాదం తర్వాత మరీ బుద్ధిమంతుడైపోయి, ఉలుకూ పలుకూ లేకుండా సూది వేసినా ఏడవని పిల్లాణ్ని మెచ్చుకుని వదిలేయకండి.

ఇవన్నీ చూశాక కూడా తగ్గకపోతే

మూడు నుంచి ఆరేళ్ల వారికి ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆఘాతం మిగిల్చిన భయాలను, ఆలోచనలను మార్చే మాటల చికిత్స), ఇంకా చిన్నవారికి తల్లీబిడ్డలిద్దరినీ కూర్చోబెట్టి చేసే చికిత్స ఉన్నాయి. రెండింట్లోనూ మీరు గదిలో భాగమే. పిల్లాణ్ని అప్పజెప్పి బయట కూర్చోమంటే ఎందుకని అడగండి. మందులతో తేల్చేద్దామనుకోకండి. పద్దెనిమిదేళ్ల లోపువారికి పీటీఎస్‌డీకి మందులు ఇవ్వవద్దని బ్రిటన్‌లో చికిత్సలపై డాక్టర్లకు సలహాలిచ్చే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది.

వినికిడి తగ్గడం, మూర్ఛ, ముందునుంచీ ఉన్న ఎదుగుదల తేడాలు ప్రమాదం తర్వాత బయటపడటం కూడా ఉంటుంది, కానీ అరుదు. పైవన్నీ కొట్టేశాక పిల్లల డాక్టరే చూసుకుంటారు.