ఒకే మొక్కకి వంకాయలూ టమాటాలూ: మిద్దె మీదే అంటు కట్టుకోండి

వారణాసిలోని భారత కూరగాయల పరిశోధన సంస్థ వాళ్లు ఒకే మొక్కకి వంకాయలు, టమాటాలు కాయించి దానికి బ్రిమాటో అని పేరు పెట్టారు. ఫొటో చూసి ఇదేదో ల్యాబులో చేసే పని అనుకుంటారు గానీ మామిడికి అంటు కట్టడం లాంటిదే, కాకపోతే కాండం అగ్గిపుల్లంత ఉంటుంది కాబట్టి చెయ్యి వణక్కూడదు. రెండూ ఒకే కుటుంబం మొక్కలు, అందుకే అతుక్కుంటాయి. వంకాయ వంకాయలాగే, టమాటా టమాటాలాగే ఉంటాయి, రుచులేం కలిసిపోవు.

కింద బంగాళాదుంప, పైన టమాటా కాసే మొక్కని 2013లో బ్రిటన్‌లో టామ్‌టాటో పేరుతో అమ్మకానికి పెట్టారు. సరదాకి అదే బాగుంటుంది, కానీ మన మిద్దెల మీద దాని జోలికి పోవద్దంటాను. దుంప ఊరాలంటే రాత్రిళ్లు చల్లగా ఉండాలి, జహీరాబాద్ వైపు కూడా ఆలు వేసేది చలికాలంలోనే. వంగ ఎండకి ఓర్చుకుంటుంది, వానలకి కుండీలో నీళ్లు నిలిచినా టమాటాలా వెంటనే వాడిపోదు. ఆ వేరు బలమే మనకి కావాలి.

ఆగస్టులో వంగ గింజలు వెయ్యండి. నాలుగైదు ఆకులు వచ్చాక తల తుంచితే పక్కల నుంచి చిగుళ్లు లేస్తాయి, బలమైనవి రెండు ఉంచి మిగతావి గిల్లెయ్యండి. తల తుంచిన రోజే టమాటా గింజలు కూడా వేసేస్తే మూడు వారాలు, కాస్త అటూ ఇటూగా రెండింటి కాండాలూ ఒకే లావుకి వస్తాయి. లావు కలవకపోతే ఇంకో నాలుగు రోజులు ఆగండి, తొందరపడి కట్టినవి నిలబడవు.

సాయంత్రం చల్లబడ్డాక కొత్త బ్లేడుని స్పిరిట్‌తో తుడిచి, వంగ రెమ్మల్లో ఒకదాన్ని అడ్డంగా కోసి, మొండెం మధ్యలో సెంటీమీటరు లోతు నిలువుగా చీల్చండి. టమాటా మొక్కని మూడు ఆకుల కింద తెంపి, పెద్ద ఆకుల్ని సగానికి కత్తిరించి, కాడ చివరని రెండు వైపులా చెక్కి మేకు మొనలా చెయ్యండి. దాన్ని చీలికలోకి దించేటప్పుడు కనీసం ఒక పక్కన తొక్కకి తొక్క ఆనాలి. సాగే అంటు టేపు చుట్టండి, లేదా అంటు కట్టే చిన్న క్లిప్పు పెట్టండి. రెండో రెమ్మని ముట్టుకోవద్దు, వంకాయలు కాసేది అదే.

అసలు టెన్షన్ ఇక్కడే. మొక్క మీద నీళ్లు స్ప్రే చేసి, కుండీతో సహా తెల్లటి ప్లాస్టిక్ కవరు తొడిగి ఎండ తగలని చోట ఏడు రోజులు వదిలెయ్యాలి. నేను మొదటిసారి ఐదు కట్టి, అతుక్కున్నాయో లేదోనని రెండో రోజే కవరు తీసి చూశాను, మధ్యాహ్నం ఇంకోసారి తీశాను, తెల్లారేసరికి నాలుగింటి తలలు ఉడికిన తోటకూరలా వేలాడాయి. ఏడు రోజులయ్యాక కవరు మూల కత్తిరించి రోజూ కాస్త కాస్త గాలి తగలనివ్వండి. ఇంకో వారం నీడలో ఉంచి, తర్వాత ఇరవై లీటర్ల బ్యాగులోకి మార్చుకోవచ్చు.

అక్కణ్నుంచి టమాటాది రౌడీయిజం. వదిలేస్తే వంగ మీద పడి ఎండ తగలనివ్వదు, అందుకే దాన్ని ఒకటి రెండు కొమ్మలకే ఉంచి తాడుకి పాకించండి. అంటు కట్టిన కొమ్మ మీద ముడి కింద నుంచి నూగు ఆకులతో వంగ చిగురు వస్తే ఎంత ముద్దుగా ఉన్నా తీసెయ్యాల్సిందే. వంగ కొమ్మ చివర వాలిపోతే నీళ్లు చాలలేదనుకుని పొయ్యకండి, చాలాసార్లు లోపల కాయతొలుచు పురుగు ఉంటుంది, వాలిన చోటుకి కిందగా కోసి పారెయ్యండి.

ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. బాగా పెరుగుతుంది కదా అని ఉమ్మెత్త మీద టమాటా కట్టకండి. దాని విషం పైకి ఎక్కి కాయల్లోకి వస్తుంది, అలాంటి టమాటాలు తిని ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు.

ఏప్రిల్ ఎండలకి టమాటా పూత రాలిపోతుంది. అప్పుడు ఆ కొమ్మని ముడి కింద కోసేసి, వంగని అలాగే కాయనివ్వండి. వానలు పడ్డాక కోసిన చోట లేచిన కొత్త రెమ్మకి మళ్లీ కట్టుకోవచ్చు, ఈసారి చెర్రీ టమాటా పెట్టి చూడండి.