నడుము దాటిన జడతో వార్డులో

క్లినికల్ డ్యూటీ మొదటి వారంలో రోగికి బీపీ చూడడానికి వంగగానే నా జడ జారి డ్రెస్సింగ్ ట్రేలో పడింది. ట్రే అంతా మళ్లీ సర్దాల్సి వచ్చింది. సిస్టర్ గారు ఏమీ అనలేదు, ఆ చూపు చాలు.

జుట్టు కత్తిరించడానికి అమ్మ ఒప్పుకోదు. నిజానికి నేనూ ఒప్పుకోను! ముడి వేసుకుంటే అమీర్‌పేటలో మెట్రో మారేసరికే వదులైపోయేది. తప్పు ముడిది కాదు, నేను వేసే తీరుది. తలంటుకున్న రోజు జుట్టు పట్టు నిలవదు. అందుకే ఇప్పుడు ముందురోజే తలంటుకుని బాగా ఆరబెడుతున్నాను. పొద్దున చెవుల ఎత్తున రబ్బరుబ్యాండు వేసి, జడ అల్లి, దాన్నే చుట్టగా చుడతాను. కోఠిలో కొన్న యూ పిన్నులు ఐదారు సరిపోతాయి. పిన్నును ముందు చుట్ట బయటివైపుకు గుచ్చి, తలకు తగిలాక లోపలికి తిప్పి తోయాలి. అసలు కిటుకు ఇదే. పైన నల్ల వల.

ముడి మరీ కిందికి ఉంటే కాలరుకు తగులుతుంది, ఎన్95 మాస్కు కింది పట్టీకీ అడ్డమే. రోజూ బిగించి లాగితే నుదుటి దగ్గర జుట్టు ఊడుతుంది, కాబట్టి ఇంటికి రాగానే విప్పేస్తాను. మల్లెపూలు ఆదివారానికి.