యాట్‌లపై పనికి ఈఎన్‌జీ-1 వైద్య ధ్రువపత్రం: దరఖాస్తు విధానం

మధ్యధరా సముద్రంలో యాట్‌ల (విలాస పడవల) సీజన్ ఊపందుకోక ముందు, మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఫ్రాన్స్‌లోని ఆంటీబ్, స్పెయిన్‌లోని పాల్మా రేవుల్లో పని వెతుక్కునేవారి దినచర్య దాదాపు ఒకేలా ఉంటుంది. ఉదయం ఎనిమిదిలోపే, సిబ్బంది పనిలో పడకముందే, ఇస్త్రీ చొక్కాతో, రెజ్యూమే ప్రతులతో రేవుగట్టు వెంట నడుస్తూ, పిలవనిదే పడవ ఎక్కకుండా, గట్టు మీద నుంచే ఒక్కో పడవవారినీ పలకరించాలి. అటునుంచి ముందుగా వచ్చే ప్రశ్న ఎస్‌టీసీడబ్ల్యూ, ఈఎన్‌జీ-1 ఉన్నాయా అని. మొదటిది ప్రాథమిక భద్రతా శిక్షణ; ఫీజు కట్టి హాజరైతే వారం రోజుల్లో పూర్తవుతుంది. చిక్కంతా రెండోదానితోనే.

దీన్ని బ్రిటన్‌కు చెందిన మారిటైమ్ అండ్ కోస్ట్‌గార్డ్ ఏజెన్సీ ఆమోదించిన వైద్యులే ఇవ్వాలి. వారి జాబితా, విదేశాల్లో ఉన్నవారితో సహా, బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటుంది కనుక అపాయింట్‌మెంట్ మీరే తీసుకోవచ్చు. పాస్‌పోర్టు, కళ్లద్దాలు, వాడుతున్న మందుల వివరాలు, పాత ఈఎన్‌జీ-1 ఉంటే అది తీసుకెళ్లాలి. ధ్రువపత్రం గరిష్ఠంగా 2 ఏళ్లు, 18 ఏళ్లలోపువారికి ఏడాది చెల్లుతుంది.

ఎక్కువమంది ఊహించని చోట తడబడేది రంగుల పరీక్షలో. శిక్షణకు ముందే డబ్బంతా కట్టేసిన ఒక అబ్బాయి, రంగు చుక్కల మధ్య అందరికీ 74గా కనిపించే అంకెను 21 అని చదివాడు. తనకు ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదన్న సంగతి అతనికి ఆ గదిలోనే తెలిసింది. రాత్రివేళ ఎదుటి పడవ ఏ వైపు సాగుతోందో ఆ రెండు రంగుల దీపాలను బట్టే గుర్తిస్తారు కాబట్టి, డెక్ (పడవ పైతట్టు) పనికి ఈ పరీక్షలో సడలింపు ఆశించలేము, రంగు కటకాలనూ అనుమతించరు. తదుపరి పరీక్షల్లోనూ నెగ్గకపోతే పడవ చుట్టూ సముద్రాన్ని గమనించే కాపలా విధులకు పనికిరారన్న పరిమితితో పత్రం ఇస్తారు. వంటగదిలోనో లోపలి సేవల్లోనో పని చేసుకునే దారి మాత్రం మూసుకుపోదు. అందుకే ముందు వైద్య పరీక్ష, ఆ తర్వాతే శిక్షణ ఫీజు.

అనర్హత లేదా పరిమితి విధిస్తే ఈఎన్‌జీ-3 అనే నోటీసు ఇస్తారు. దానిపై స్వతంత్ర వైద్య నిర్ణేత సమీక్ష కోరుతూ నెలలోగా దరఖాస్తు చేసుకోవచ్చు. కంగారుపడి, ఫలితం దాచి మరో వైద్యుని దగ్గరకు వెళ్లకండి. పాత పరీక్షల ఫలితాన్ని ఫారంలోనే అడుగుతారు, అక్కడ అబద్ధం రాయడం నేరం.

వైద్యపరీక్ష, శిక్షణ, ఉద్యోగం, వీసా కలిపి ఒకే ప్యాకేజీ అని చెప్పే దళారులు తగులుతారు. అంతర్జాతీయ సముద్ర కార్మికుల ఒప్పందం, 2006 ప్రకారం వైద్య ధ్రువపత్రం ఖర్చు మనమే భరించవలసి రావచ్చు గానీ, ఉద్యోగం ఇప్పించినందుకు మన దగ్గర రుసుము తీసుకోకూడదు, వీసా ఖర్చు నౌక యజమానిదే. ఇక భారత పాస్‌పోర్టుతో షెంగెన్ (ఐరోపా దేశాల ఉమ్మడి) పర్యాటక వీసాపై వెళ్లి, ఒక్కరోజు కూలికి డెక్ కడిగినా అది అనుమతి లేని పనే అవుతుంది.