పెట్రోలు గొట్టాలు మార్చేటప్పుడు

కడప ఎండలకు పాత కారులోని పెట్రోలు గొట్టాలు బిరుసెక్కి, వంచి చూస్తే సన్నని పగుళ్లు విచ్చుకుంటున్నాయంటే వాటిని మార్చవలసిందే. పెట్రోలును పంపు ఒత్తిడితో ఇంజిన్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ బండిలో ముందుగా పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడిపి, చల్లారిన తరువాత ట్యాంకు మూత తెరిచి, బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. అధిక పీడనాన్ని తట్టుకోవలసిన ఈ బండ్లకు వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ ప్రమాణమైన జె30ఆర్9 ముద్ర ఉన్న గొట్టమే వాడాలి. నీళ్ల గొట్టంతో సర్దుకుపోదామనే మెకానిక్ మాటను నేనైతే ససేమిరా ఒప్పుకోను. ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే చార్‌కోల్ (బొగ్గు) డబ్బాకు వెళ్లే ఆవిరి గొట్టాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, అది ఎక్కడైనా కిందికి వేలాడితే ఆ వంపులో పెట్రోలు నిలిచి ఆవిరికి దారి మూసుకుపోతుంది. చివరగా ట్యాంకు మూత, ఫ్యూజు, బ్యాటరీ తీగ తిరిగి బిగించి, ఇంజిన్ నడిపి, ప్రతి క్లిప్పు దగ్గరా తడి ఉందేమో చూడాలి.