పరిచర్య పెరిగి ప్రార్థన తగ్గుతుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన, మధ్యలో గృహ కూడికలు, ఒక పెళ్లి, ఒక భూస్థాపన, రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో వాగ్దాన వచనం. వేసవిలో వీబీఎస్ (పిల్లలకు సెలవుల బైబిల్ తరగతులు), డిసెంబర్ వస్తే పండగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు. ఇందులో ఏదీ చెడ్డ పని కాదు. అందుకే లోపల ఏదో తగ్గిపోతోందని సంఘాన్ని నడిపే సేవకుడికి (పాస్టర్‌కు) తొందరగా తెలియదు.

లక్షణం: బైబిల్ తెరిస్తే ప్రసంగం పాయింట్లే కనిపిస్తున్నాయి

వచనం మీతో ఏమంటోందో వినకముందే "ఇది ఆదివారానికి బాగుంటుంది" అనిపిస్తుంది. అన్నిటికంటే నాకు భయం కలిగించేది ఇదే. బయటికి ఏ తేడా కనిపించదు. ప్రసంగం బాగానే ఉంటుంది, సంఘం ఆమేన్ అంటుంది.

కారణం: సమయం చాలకపోవడం ఒక్కటే కాదు. ఇతరులకు చెప్పడానికి తప్ప మీకోసం వాక్యం చదివే అలవాటు పోయింది. ప్రకటన 2వ అధ్యాయంలో ప్రభువు ఎఫెసు సంఘం కష్టాన్నీ సహనాన్నీ మెచ్చుకున్నాడు. అబద్ధ అపొస్తలులను పరీక్షించి గుర్తుపట్టారని కూడా అన్నాడు. ఆ తర్వాతే, మొదటి ప్రేమను వదిలేశారన్నాడు. పని ఏమాత్రం ఆగకుండానే అది జరిగింది.

పరిష్కారం: ప్రసంగాలకు సంబంధం లేని పుస్తకం ఒకటి మీకోసం చదవండి. రోమా పత్రిక బోధిస్తుంటే కీర్తనలు చదవండి. ఆ సమయంలో నోట్‌బుక్ వద్దు, ఫోన్ పక్క గదిలో ఉండాలి. చదివినదాన్ని ఆ వారం ఎవరికీ చెప్పకండి, దానితో ప్రార్థించండి.

ఎప్పుడు వీలవుతుందంటారా? మార్కు 1వ అధ్యాయంలో ముందురోజు సాయంత్రం పట్టణమంతా యేసు ఉన్న ఇంటి వాకిట చేరింది. అయినా ఆయన ఇంకా చీకటి ఉండగానే లేచి, అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు. అందరూ నిన్ను వెతుకుతున్నారని శిష్యుడు సీమోను చెప్తే, వేరే ఊళ్లకు వెళ్దామన్నాడు. ఎటు వెళ్లాలో జనం కాదు, తండ్రి నిర్ణయించాడు.

లక్షణం: ఎవరు పిలిచినా వెళ్లాల్సి వస్తోంది, కాదంటే టెన్షన్

కారణం: అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తేనే ప్రార్థన అని విశ్వాసులు అనుకుంటున్నారు. మనం కూడా దాన్ని సరిదిద్దలేదు.

పరిష్కారం: అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు అన్నం పెట్టే పనిని అపొస్తలులు చిన్నచూపు చూడలేదు. ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండిన ఏడుగురిని ఏర్పరచుకోమని శిష్యులకు చెప్పి, వాళ్లను దానికి నియమించి, తాము ప్రార్థనకూ వాక్యానికీ అంటిపెట్టుకున్నారు. భూస్థాపనలకు మీరే వెళ్లండి, దుఃఖంలో కాపరి పక్కన ఉండాలి. పుట్టినరోజు, గృహప్రవేశ ప్రార్థనలు సంఘ పెద్దలకు అప్పగించండి. కాకపోతే ఆ ఏర్పాటు ముందే ఆదివారం ఆరాధనలో అందరికీ చెప్పాలి. లేకపోతే ఆ ఇంటివాళ్లు తమను చిన్నచూపు చూశారని నొచ్చుకుంటారు.

లక్షణం: సొంత ఇంట్లో కుటుంబ ప్రార్థన ఆగిపోయింది

కారణం: రాత్రులన్నీ కూడికలకే పోతున్నాయి. పరిష్కారం: పిల్లలు బడికి వెళ్లేముందు 10 నిమిషాలు పెట్టుకోండి. వారంలో ఒక రాత్రి ఎవరికీ ఇవ్వకండి.

లక్షణం: చిరాకు, నిద్రలేమి, ప్రార్థనలో కూర్చున్నా మాట రావడం లేదు

దీన్ని వెంటనే విశ్వాసలోపం అనకండి. శరీరం అలసిపోయి ఉండవచ్చు. 1 రాజులు 19వ అధ్యాయంలో బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు గద్దించలేదు. దూత రెండుసార్లు లేపి తినమన్నాడు, మధ్యలో మళ్లీ పడుకోనిచ్చాడు. ఆల్ నైట్ ప్రార్థన మరుసటి రోజు ఏ కూడికా ఒప్పుకోకండి. బీపీ, షుగర్ చూపించుకోండి. రెండు వారాలు గడిచినా మనసు తేరుకోకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చనిపోవాలనే ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా ఇంట్లోవాళ్లకు చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి.